'పొర' అనే ఒక్క మాట మీద 25 నెలలు: నా పేటెంట్ అనుభవం

జీడిమెట్లలో మాకు చిన్న ప్లాస్టిక్ ఫిల్మ్ యూనిట్ ఉంది. ఒకటే మెషిన్, పదకొండు మంది పనివాళ్లు. విత్తనాల సంచుల లోపల వేసే లైనర్లు చేస్తాం. మా లైనర్‌కు 2024 మార్చి 21న పేటెంట్ వచ్చింది. దరఖాస్తు వేసింది 2022 ఫిబ్రవరి 14న. ఇన్ని నెలల్లో మా ఫిల్మ్ పనిచేస్తుందా లేదా అని గట్టిగా అడిగినవాళ్లు లేరు. అందరూ అడిగింది ఒకటే: మీరు రాసిన 'లేయర్' అనే మాటకు అర్థం ఏమిటి?

మేం చేసిందేమిటో నాలుగు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే గొడవ అర్థం కాదు. ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్ గాలిలోని ఆక్సిజన్‌ను బాగా ఆపుతుంది. కానీ తేమ ఎక్కితే ఆ గుణం తగ్గిపోతుంది. పైగా అది పాలిథిన్‌తో అతుక్కోదు. అందుకే మామూలుగా ఐదు పొరలు వేస్తారు: పాలిథిన్, టై రెసిన్ (రెంటినీ అతికించే ప్లాస్టిక్), ఈవీఓహెచ్, మళ్లీ టై రెసిన్, మళ్లీ పాలిథిన్. మా దగ్గర ఉన్నది త్రీ లేయర్ మెషిన్. ఐదు పొరల మెషిన్ కొనే స్తోమత మాకు లేదు. 2021లో ఆర్డర్లు పడిపోయిన రోజుల్లో నేనూ మా ఆపరేటర్ అన్నా కూర్చుని, టై రెసిన్‌ను, తేమ పీల్చే జియోలైట్ పొడిని పాలిథిన్‌లోనే కలిపేసి, ఆ మిశ్రమాన్నే ఈవీఓహెచ్‌కు అటూ ఇటూ వేసి చూశాం. ఏడు నెలలు పట్టింది. జియోలైట్‌ను సరిగ్గా ఆరబెట్టకపోతే ఫిల్మ్ నిండా బుడగలొచ్చేవి. చివరికి 80 మైక్రాన్ల ఫిల్మ్ నిలబడింది: 35, 10, 35. చేత్తో లాగితే పొరలు విడిపోలేదు. ఆ రోజు రాత్రి ఇంటికి వెళ్లాక కూడా ఆ ముక్క జేబులోనే ఉంది.

పేటెంట్ ఏజెంట్ మేడం హైదరాబాద్‌లోనే ఉంటారు. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి. కానీ అంతా ఆన్‌లైన్ కాబట్టి ఈ 25 నెలల్లో నేను చెన్నై వెళ్లింది లేదు. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే చిన్న సంస్థగా ఫారం 28 వేసి తక్కువ ఫీజు కట్టొచ్చు. దరఖాస్తుకు 1,600, త్వరగా ప్రచురించడానికి 2,500, త్వరగా పరీక్షించడానికి ఫారం 18ఎ కింద 8,000. మా హక్కు ఎంతవరకో చెప్పే ఒక్కో వాక్యాన్ని క్లెయిమ్ అంటారు. పది దాటిన ప్రతి క్లెయిమ్‌కూ 320 అదనం. మావి పద్నాలుగు క్లెయిములు కాబట్టి ఇంకో 1,280. మొత్తం 13,380 రూపాయలు. ఏజెంట్ ఫీజు 45,000 దీనికి వేరు.

డ్రాఫ్ట్ పంపినప్పుడు మేడం మెయిల్‌లో ఒక లైను రాశారు: "లేయర్, ఔటర్ లేయర్ అనే మాటలకు నిర్వచనం పెడదామా అండీ?" నేను ఫోన్‌లోనే జవాబిచ్చాను, "అవసరం లేదు మేడం, లేయర్ అంటే ఈ ఫీల్డులో అందరికీ తెలుసు" అని. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎన్ని రాత్రులు అనుకున్నానో. నా చేతి రాతలో ఒకచోట 'ఔటర్ లేయర్' అని ఉంది, ఇంకోచోట 'సైడ్ లేయర్' అని, మరోచోట 'స్కిన్' అని ఉంది. నా మనసులో మూడూ ఒకటే. ఒకే మాట మళ్లీ మళ్లీ రాస్తే బాగోదని మార్చి మార్చి రాశాను. బళ్లో వ్యాసాలు రాసిన అలవాటు అది.

మొదటి క్లెయిమ్ తెలుగులో చెప్పాలంటే ఇలా ఉండేది: ఒక బారియర్ పొర (ఆక్సిజన్‌ను ఆపే పొర, మా దాంట్లో ఈవీఓహెచ్), దానికి రెండు వైపులా బయటి పొరలు 'కలిగి ఉన్న' ఫిల్మ్. బయటి పొరల్లో పాలిథిన్, అతికించే రెసిన్, తేమ పీల్చే పదార్థం ఉంటాయి. ఆ 'కలిగి ఉన్న' అన్నచోట ఇంగ్లీషులో 'కంప్రైజింగ్' అని రాస్తారు. అది తెరిచి ఉన్న తలుపు లాంటి మాట. చెప్పినవి ఉంటే చాలు, ఇంకేం ఉన్నా ఆ క్లెయిమ్ కిందికే వస్తాయి. పరిధి ఎక్కువ వస్తుందని నాకు అప్పుడు సంతోషమే వేసింది. అదే తలుపులోంచి మాకంటే ముందే ఉన్న పాతవి కూడా లోపలికొచ్చి, మాది కొత్తది కాదనిపిస్తాయని తట్టలేదు.

2022 మార్చిలో పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో మా దరఖాస్తు ప్రచురణ అయింది. జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. మా నంబరు కనిపించిన రోజు యూనిట్‌లో అందరికీ మిఠాయి పంచాం.

2022 జూన్ 20న మొదటి పరీక్ష రిపోర్టు వచ్చింది. ఎఫ్ఈఆర్ అంటారు దాన్ని. పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ 1980ల నాటి ఒక అమెరికన్ పేటెంట్ చూపించారు. ఆహారం ప్యాక్ చేసే ఐదు పొరల ప్లాస్టిక్. అందులో ఈవీఓహెచ్ పక్కనున్న అతుకు పొరల్లోనే తేమ పీల్చే పదార్థం కలిపారు. చదువుతుంటే అరచేతులు చల్లబడ్డాయి. మనం ఏడు నెలలు కష్టపడి కనిపెట్టామనుకున్న దాంట్లో సగం, నలభై ఏళ్ల కిందటే ఎవరో రాసి పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం ఎవరితోనూ మాట్లాడలేదు.

మేడం మాత్రం నెమ్మదిగా చెప్పారు, "వాళ్లది ఐదు, మీది మూడు. అతుకు పొర అనేదే లేకుండా చేయడం మీ ఆవిష్కరణ. అది నిలబెడదాం" అని. జవాబుకు ఆరు నెలల గడువు ఉంటుంది. నవంబర్ 9న వేశాం. ఆమె ఫీజు 20,000. ఇక గ్రాంటే, అంటే పేటెంట్ ఇచ్చేస్తారనే అనుకున్నాను.

2023 సంక్రాంతికి ఊరెళ్లాం. ముక్కనుమ రోజు, జనవరి 17న, మేడం ఫోన్ చేశారు. మా దరఖాస్తు మీద ప్రీ గ్రాంట్ అపోజిషన్ పడింది, అంటే పేటెంట్ ఇవ్వొద్దని ముందే వేసే అభ్యంతరం. 62 పేజీలు. వేసినాయన వేరే రాష్ట్రంలో ఉంటారు, ఆయన పేరు నేనెప్పుడూ వినలేదు. ప్రచురణ అయ్యాక గ్రాంట్ అయ్యేలోపు ఎవరైనా వేయొచ్చట, వ్యాపారంలో పోటీదారే కానవసరం లేదట. అప్పట్లో దానికి ప్రభుత్వ ఫీజు కూడా లేదు. 2024 మార్చిలో రూల్స్ మార్చి ఫీజు పెట్టారు. మాకు జవాబు గడువు మూడు నెలలు.

ఆ 62 పేజీల్లో మా ఫిల్మ్ నాణ్యత గురించి ఒక్క పేరా లేదు. ఉన్నదంతా మాటల మీదే. మొదటి వాదన: 'ఔటర్' అంటే బారియర్‌కు బయట ఉన్న ఏ పొరైనా ఔటరే. పాత పేటెంట్‌లో ఈవీఓహెచ్ పక్కనున్న అతుకు పొర కూడా దానికి బయటే ఉంది కాబట్టి అదే 'ఔటర్ లేయర్'. దాని మీద ఇంకో పాలిథిన్ పొర ఉన్నా 'కంప్రైజింగ్' అన్నారు కాబట్టి ఫర్వాలేదు. కాబట్టి మాది పాతదే. రెండో వాదన: అలా కాదంటే, పాత పేటెంట్‌లోని అతుకు రెసిన్ కూడా పాలిథిన్ జాతిదే కాబట్టి, అతుకు పొర, పక్కనున్న పాలిథిన్ పొర కలిపి ఒకే 'లేయర్' అనుకోండి. అప్పుడు వాళ్లది కూడా మూడే. అలా చూసినా మాది పాతదే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మూడో మాట. గొట్టంలా వచ్చే ఫిల్మ్ ట్యూబును కోసి సంచి చేశాక విత్తనాన్ని తాకే పొరను కూడా నేను 'ఔటర్ లేయర్' అనే రాశాను. ఫిల్మ్‌ను బల్లమీద పరిచి చూస్తే అది బయటి పొరే. సంచిగా చూస్తే లోపలి పొర. "దరఖాస్తుదారే 'ఔటర్' అనే మాటను బయటి వైపు అనే అర్థంలో వాడలేదు" అని నా వాక్యమే నా మీద పెట్టారు.

ఫిబ్రవరి మొదటి వారంలో మేడం యూనిట్‌కు వచ్చారు. వాళ్లది గోదావరి జిల్లా. మెషిన్ పక్కన నిలబడి ఆమె అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "పూతరేకు తీసుకోండి. ఒకే రేకును నాలుగు మడతలు వేస్తే నాలుగు పొరలంటారా, ఒక పొరంటారా?" నేను నాలుగు అన్నాను. మా ఆపరేటర్ అన్న ఒకటే అన్నాడు. "లేయరంటే ఎక్స్‌ట్రూడర్ కదా మేడం. ఎన్ని ఎక్స్‌ట్రూడర్ల నుంచి మెటీరియల్ వస్తే అన్ని లేయర్లు" అన్నాడు. ఎక్స్‌ట్రూడర్ అంటే ప్లాస్టిక్‌ను కరిగించి బయటికి నెట్టే యంత్రభాగం. అతని లెక్కలో త్రీ లేయర్ మెషిన్‌లో మూడింట్లోనూ ఒకే పాలిథిన్ పోసినా అది త్రీ లేయర్ ఫిల్మే. మార్కెట్లో అందరూ అలాగే అంటారు. కానీ దాన్నే అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఒకటే పట్టీ కనిపిస్తుంది. పదేళ్లుగా ఒకే షెడ్డులో పనిచేస్తున్న ఇద్దరం ఒకే మాటను రెండు రకాలుగా వాడుతున్నాం. ఆ సంగతి ఆ క్షణం దాకా ఇద్దరికీ తెలియదు.

అప్పుడు ఆమె అమెరికా కేసులు రెండు చెప్పారు. మన దగ్గర అవి చెల్లుబాటు కావాలని లేదు గానీ, చదివే పద్ధతి తెలుస్తుందని. మొదటిది ఏఎఫ్‌జీ ఇండస్ట్రీస్, కార్డినల్ ఐజీ అనే గాజు కంపెనీల మధ్యది. కిటికీ అద్దాల మీద వెండి, జింక్ ఆక్సైడ్ పూతలు ఐదు పొరలుగా ఉంటాయని పేటెంట్. ఆ పొరల మధ్య మరీ పల్చగా ఉన్న ఇంకో పదార్థాన్ని కూడా పొరగా లెక్కపెట్టాలా అని తగువు. 2001లో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 'లేయర్' అంటే దాదాపు ఒకే రసాయన కూర్పు ఉన్న మందం అని, కాంతి గుణాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం చూపనంత పల్చటి మధ్య పొరలు అందులోకి రావని అర్థం చెప్పింది. అయినా అక్కడితో ఆగలేదు, 2004లో అదే కేసు మళ్లీ అదే కోర్టుకు వచ్చింది. 'దాదాపు ఒకే కూర్పు' అన్న ముక్క విన్నాక నాకు ఊపిరి వచ్చింది. అతుకు రెసిన్‌ను, పాలిథిన్‌ను కలిపి ఒక పొర అనుకోమన్న రెండో వాదనకు జవాబు అక్కడే ఉంది.

రెండోది నన్ను భయపెట్టింది. వస్తువులకు చుట్టే సాగే ఫిల్మ్ మీద బెర్రీ ప్లాస్టిక్స్ పై వేసిన కేసు. ఏడు పొరల ఫిల్మ్‌లో లోపలి ఐదు పొరలకు నాలుగు రకాల రెసిన్ల జాబితా ఇచ్చి, దాని ముందు 'కన్సిస్టింగ్ ఆఫ్' అని రాశారు. అది మూసిన తలుపు. జాబితాలో లేని రెసిన్ కలిస్తే ఆ పొర క్లెయిమ్‌లోకి రాదని 2016లో కోర్టు తేల్చింది, పేటెంట్ ఉన్నవాళ్లు ఆ పోరాటం ఓడిపోయారు. అంటే మేం తలుపు తెరిచి ఉంచితే పాతవి వచ్చి పడతాయి, గట్టిగా మూస్తే రేపు ఎవడైనా చిటికెడు ఇంకోటి కలిపి తప్పించుకుంటాడు. ఈ రెండింటి మధ్య దారి దొరకాలి.

ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు కొత్తగా నిర్వచనం రాసి పెట్టేస్తే పోతుంది కదా అనుకున్నాను. కుదరదు. సెక్షన్ 59 ప్రకారం దరఖాస్తులో మొదట లేని విషయాన్ని సవరణ పేరుతో చేర్చకూడదు, పాత క్లెయిముల పరిధి దాటకూడదు. కాబట్టి నేను 2022లో రాసిన 27 పేజీల్లోనే ఎక్కడో ఆ అర్థం దొరకాలి. నాలుగు రాత్రులు ప్రింటవుట్ మీద పెన్సిల్ పెట్టుకుని నా రాతనే నేను వెతుక్కున్నాను. మా ఆవిడ ఒక పేజీ, నేనొక పేజీ. 'ఔటర్' అన్నచోటల్లా గుండ్రం చుట్టాం, మొత్తం 41 చోట్ల.

14వ పేజీలో, మూడో ఉదాహరణలో దొరికింది. "ఫిల్మ్ ట్యూబును అడ్డంగా కోసి, ఎదురెదురుగా ఉన్న ఔటర్ లేయర్లను 130 డిగ్రీల దగ్గర ఒకదానికొకటి సీల్ చేశాం." వేడికి ఒకదానికొకటి అతుక్కోవాలంటే ఆ పొర ఫిల్మ్ ఉపరితలం మీద ఉండి తీరాలి. మధ్యలో పూడిపోయిన పొర సీల్ కాదు. అంటే నా కాగితంలో 'ఔటర్' అంటే ఫిల్మ్ చిట్టచివరి పొర అనే. సంచి లోపలిదైనా బయటిదైనా ఒకటే. తెల్లవారుజామున రెండింటికి మేడంకు మెసేజ్ పెట్టాను. పొద్దున్నే ఫోన్ చేసి, "ఈ ఒక్క వాక్యం చాలండీ" అన్నారు. ఆ వాక్యం నేను పెద్దగా ఆలోచించి రాసింది కాదు. సీలింగ్ టెంపరేచర్ నోట్ చేయడానికి రాసింది.

తర్వాత ల్యాబ్ పని. మా ఫిల్మ్‌ను, పాత పేటెంట్ పద్ధతిలో బయట చేయించిన ఐదు పొరల నమూనాను పల్చగా కోయించి మైక్రోస్కోప్ ఫొటోలు తీయించాం. అయోడిన్ ద్రావణం తగిలించగానే మధ్యలో ఈవీఓహెచ్ గోధుమ రంగు గీతలా తేలింది. మా దాంట్లో ఆ గీతకు ఆనుకుని అంచు దాకా ఒకే పట్టీ, నిండా జియోలైట్ రేణువులు ఇసుక చల్లినట్టు. రెండో నమూనాలో గీత పక్కనే రేణువులున్న సన్నటి పట్టీ, దాని అవతల రేణువులేమీ లేని శుభ్రమైన పట్టీ. ఆ రెంటినీ ఒకే పొర అనుకోమంటే ఎవరి కన్నూ ఒప్పుకోదు. ఫొటోలకు, పొరలు ఊడదీసే బలం పరీక్షలకు కలిపి 18,500 అయింది. ల్యాబ్‌లో వరస రావడానికే ఐదు వారాలు. రిపోర్టును ఊరికే జత చేస్తే సరిపోదు. నా పేరుతో అఫిడవిట్ రాసి, నోటరీ చేయించి, సాక్ష్యంగా పెట్టాలి. నోటరీ, స్టాంపులు, ప్రింట్లు 2,200. ఏప్రిల్ 11న జవాబు వేశాం, గడువుకు ఆరు రోజుల ముందు.

ఆపైన ఆరు నెలల మౌనం. ఈ ఎదురుచూపే అన్నిటికన్నా కష్టం. రోజూ పొద్దున్నే పోర్టల్‌లో స్టేటస్ చూసేవాణ్ని. ఒక విత్తనాల కంపెనీ పేటెంట్ వచ్చాకే పెద్ద ఆర్డర్ మాట్లాడదామంది. వాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా ఏం చెప్పాలో తెలిసేది కాదు. హియరింగ్ అక్టోబర్ 12న అన్నారు. అవతలివాళ్లు వాయిదా అడిగారు. ఆ రాత్రి అన్నం సహించలేదు. చివరికి నవంబర్ 9న, దీపావళికి మూడు రోజుల ముందు, వీడియోలో జరిగింది.

యాభై నిమిషాలు. వాదించేది ఏజెంట్లే, నేను పక్కన కూర్చున్నాను. మేడం గొంతు పెంచకుండా ఒక్కటే అడిగారు: "నోటీసులో మొదటి వాదనలో అతుకు పొర ఒక్కటే లేయర్ అన్నారు. రెండో వాదనలో అతుకు పొర, పాలిథిన్ కలిపి ఒక లేయర్ అన్నారు. ఒకే కాగితంలో ఒకే మాటకు రెండు అర్థాలు. వీటిలో మీది ఏది?" అవతలివైపు నుంచి, రెండూ ప్రత్యామ్నాయ వాదనలు అన్నారు. తీర్పు చెప్పాల్సిన పేటెంట్ ఆఫీసు అధికారి, కంట్రోలర్ గారు, ఏదో రాసుకున్నారు. తర్వాత నేరుగా నన్నే అడిగారు, "సంచి ఏ పొర దగ్గర సీల్ అవుతుంది?" అని. గొంతు వణికింది గానీ చెప్పాను: "ఔటర్ లేయరే సార్, దానికదే అతుక్కుంటుంది. పైన ఇంకో పొర ఉంటే ఆ పని చేయలేదు."

హియరింగ్ అయ్యాక రాతపూర్వక వాదన 15 రోజుల్లో వేయాలి. సవరించిన క్లెయిములు కూడా అప్పుడే ఇచ్చాం. మేడం దొరకబుచ్చుకున్న మధ్య దారి ఇది: ఫిల్మ్ మూడు పొరలతో మాత్రమే ఉంటుంది, అక్కడ 'కన్సిస్టింగ్ ఆఫ్'. ఒక్కో బయటి పొరలో ఏముంటాయో చెప్పేచోట 'కంప్రైజింగ్'. దాంతో పొరల లెక్క మూసుకుంది, పొర లోపలి మిశ్రమం తెరిచే ఉంది. రేపు ఎవరైనా రంగు కలిపినా, జారుడు మందు కలిపినా తప్పించుకోలేరు. 'ఔటర్' పక్కన "ఫిల్మ్ ఉపరితలంగా ఉండి వేడికి సీలయ్యే, బారియర్ పొరను నేరుగా తాకే" అనే మాటలు చేరాయి. నాలుగో పొర వేసి ఎవరైనా చేస్తే మాత్రం మాకు పట్టు ఉండదు. సంతకం పెట్టేముందు రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. పెట్టాను. నాలుగో ఎక్స్‌ట్రూడర్ కొనగలిగినవాడికి మా పద్ధతి అవసరమే ఉండదు.

మార్చి 21న సాయంత్రం పేటెంట్ ఆఫీసు నిర్ణయం ఆర్డర్‌గా వచ్చింది, 23 పేజీలు. అపోజిషన్ కొట్టేశారు. అందులో 11 పేజీలు 'లేయర్', 'ఔటర్' అనే రెండు మాటల గురించే. 14వ పేజీలోని నా వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాశారు. చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

అపోజిషన్‌కు ఏజెంట్ ఫీజు 95,000 అయింది. గ్రాంట్ అయ్యాక మూడో ఏడాది రెన్యువల్ 800. అన్నీ కలిపితే 1,94,880 రూపాయలు. అపోజిషన్ లేకపోతే ఇందులో సగం కూడా అయ్యేది కాదు. జర్నల్‌లో గ్రాంట్ ప్రచురణ అయిన దగ్గర్నుంచి ఏడాది లోపు, సంబంధం ఉన్నవాళ్లు మళ్లీ అపోజిషన్ వేయొచ్చు. కాబట్టి ల్యాబ్ నమూనాలను కవర్లలో పెట్టి, తేదీలు రాసి, బీరువాలో దాచాను.

ఇప్పుడు పశుగ్రాసం సంచుల ఫిల్మ్ మీద రెండో దరఖాస్తు రాస్తున్నాం. ఈసారి మొదటి రెండు పేజీలూ నిర్వచనాలే. పొర, ఉపరితలం, ఆనుకుని, మిశ్రమం: ఒక్కో మాటకు ఒక్కటే అర్థం, పత్రం అంతా అదే మాట. మేడంకు పంపేముందు తెలుగులో రాసి మా ఆపరేటర్ అన్నకు ఇచ్చాను. "పొర అంటే మందం పొడవునా దాదాపు ఒకే కూర్పు ఉన్న భాగం" అన్నచోట వేలు పెట్టి ఆగాడు.

"సార్, మనం అంచుల తుక్కును మళ్లీ గ్రైండ్ చేసి బయటి లేయర్‌లోనే పోస్తాం కదా. ఆ తుక్కులో ఈవీఓహెచ్ ముక్కలుంటాయి. అప్పుడు ఒకే కూర్పు ఎలా అవుతుంది?"

నాకు జవాబు తెలియలేదు. మేడంకు ఫోన్ చేశాను. ఆమె కాసేపు ఆగి, తుక్కు ఎంత శాతం దాకా పోస్తారో రేపటికల్లా లెక్క పంపమన్నారు. ఇవాళ పొద్దుటి నుంచీ ఇద్దరం తూకం దగ్గరే ఉన్నాం.